సముద్రం కనిపించని గది

గది ఎంచుకోవడంలో మాస్టారు ఎన్నడూ తప్పు చెయ్యలేదు. అందుకే చచ్చిపోయాడు.

దీవికి ఉత్తరాన ఉన్న బీచ్‌లో, పగలూ రాత్రీ డ్రమ్ములు మోగే ఒక హోటల్లో ఆయన దిగాడు. వెనక వైపు గది, మొదటి అంతస్తు, మెట్ల పక్కనే. కిటికీ తెరిస్తే కార్ల పార్కింగూ వంటింటి పొగగొట్టమూ తప్ప మరేమీ కనిపించవు. అంత దూరం వచ్చి అలాంటి గది అడిగేవాడు ఎవడుంటాడు? రిసెప్షన్‌లో అమ్మాయి జాలిపడి, అదే రేటుకి సముద్రం వైపు గది ఇస్తానంది. ఆయన నవ్వి వద్దన్నాడు. కొత్తగా చేరిన ప్రతి ఏజెంటుకీ ఆయన నేర్పే మొదటి పాఠం అదే: సముద్రం నీకు కనిపిస్తోందంటే, నువ్వు సముద్రానికి కనిపిస్తున్నట్టే.

మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరో తలుపు కొట్టారు. తువ్వాళ్లు తెచ్చామన్నారు. మాస్టారు చప్పుడు చెయ్యకుండా వెళ్లి, తలుపుకి బిగించిన చిన్న అద్దపు కన్నులోంచి బయటికి చూశాడు. అవతలి వైపు అదే కన్నుకి పిస్టల్ ఆనించి ఉంది. పేలిన చప్పుడు డ్రమ్ముల్లో కలిసిపోయింది. హోటల్ వాళ్లు సాయంత్రం దాకా ఆయన నిద్రపోతున్నాడనుకున్నారు.

ఆయన కాపలా కాస్తున్న ప్రొఫెసర్ మాత్రం బతికిపోయాడు. ఆ వేళప్పుడు అతను కింద హోటల్ సెలూన్‌లో జుట్టు కత్తిరించుకుంటున్నాడు.

* * *

డిపార్ట్‌మెంటు ఆఫీసు ఒక పరుపుల షోరూమ్ వెనక ఉంది. చీఫ్‌ని కలవడానికి వచ్చిన ఏజెంట్లు ముందు గదిలో పరుపుల మీద కూర్చుని, మెత్తగా ఉందా గట్టిగా ఉందా అని నొక్కి చూస్తూ పిలుపు కోసం కాచుకోవాలి. కొందరికి నిద్ర కూడా పడుతుంది.

ఆ రోజు నొక్కుతున్నవాడిని ఆఫీసంతా 'అల్లుడు' అంటుంది. చీఫ్ చెల్లెల్ని చేసుకున్నాడు. పెళ్లికి ముందే అతను డిపార్ట్‌మెంటులో ఉన్నాడని, పిస్టల్ పోటీల్లో మూడుసార్లు కప్పు గెలిచాడని ఎవరికీ గుర్తుండదు. అత్తారింటి ఉద్యోగం అనే అంటారు. చివరికి ఆ పేరే కోడ్‌నేమ్ అయి కూర్చుంది. చీఫ్‌ని మాత్రం అందరూ 'పెద్దాయన' అంటారు. పెద్దాయన మామూలుగా అతన్ని 'ఏజెంట్' అని పిలుస్తాడు. 'బావా' అన్నాడంటే ఎవరో చావబోతున్నారని అర్థం.

"కూర్చో బావా," అన్నాడు పెద్దాయన.

అల్లుడు కూర్చున్నాడు.

సంగతి ఇది. ప్రొఫెసర్ ఒక విషం తయారు చేశాడు. నీళ్లలో కలిస్తే రంగూ వాసనా రుచీ ఏమీ ఉండవు. విదేశీ సిండికేట్ ఒకటి అతనికి ల్యాబ్ కట్టించి ఇచ్చి, ఆ విషం నింపిన సిలిండర్‌ని రాజధాని తాగునీటి రిజర్వాయర్లలో ఒకదానికి బిగించింది. ఎల్లుండి మధ్యాహ్నానికి టైమర్ తెరుచుకుంటుంది. పని అయిపోయాక తనని కూడా చంపేస్తారని ప్రొఫెసర్‌కి ఆలస్యంగా తట్టి, పారిపోయి మనవాళ్ల కాళ్ల మీద పడ్డాడు. ఏ రిజర్వాయరో అతనికే తెలుసు. దీవి దాటించి విమానంలో కూర్చోబెట్టేదాకా చెప్పనంటున్నాడు. రిజర్వాయర్లన్నీ ఒకేసారి కట్టేద్దామంటే సిండికేట్‌కి తెలిసిపోయి అక్కడికక్కడే రిమోట్ నొక్కేస్తారు. కాబట్టి ప్రొఫెసర్ బతికి విమానం ఎక్కాలి. లేకపోతే రాజధాని మంచినీళ్లు తాగి చస్తుంది.

హార్బర్‌లోనూ ఎయిర్‌పోర్ట్‌లోనూ సిండికేట్ మనుషులున్నారు. ఎల్లుండి పొద్దున సీ ప్లేన్ వస్తుంది. ఏ బీచ్‌కి రావాలో ఏజెంటే చూసి నిర్ణయించాలి.

తర్వాత పెద్దాయన మాస్టారి ఫోటోలు బల్ల మీద పరిచాడు. అల్లుడు వాటిని చాలాసేపు చూశాడు. తనకి తుపాకీ పట్టుకోవడం నేర్పిన మనిషి. ఫోటోలో ముఖం సగమే ఉంది.

"హంతకులు ఎన్ని తలుపులు కొట్టారు?" అని అడిగాడు.

"ఆ హోటల్లో అదొక్కటే. రిసెప్షన్‌లో కూడా అడగలేదు."

అల్లుడికి అర్థమైంది. గది సంగతి వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. మన రూలు వాళ్లకి తెలిసిపోయింది. ఏ బీచ్‌లో దిగారో తెలిస్తే చాలు, అక్కడి హోటళ్లలో మెట్ల పక్క వెనక గది తలుపు కొట్టుకుంటూ పోవడమే. మరి ఏ బీచో ఎవరు చెప్పారు?

ఆ ముక్క తెలిసినవాళ్లు ముగ్గురని పెద్దాయన లెక్క తేల్చాడు. ఒకరు తను. ఇంకొకరు చచ్చిపోయిన మాస్టారు. మూడో మనిషి నెమలి.

నెమలి డబుల్ ఏజెంట్. సిండికేట్‌లో మన మనిషి. సిండికేట్ దృష్టిలో మనలో వాళ్ల మనిషి. అందగత్తె, మాటకారి. అల్లుడూ ఆమే ఒకే బ్యాచ్‌లో మాస్టారి దగ్గర తయారయ్యారు. బ్యాచ్‌లో ఫస్టు ఆమే.

"మాస్టారు పోయాక ప్రొఫెసర్‌ని దాచింది ఆమే కదా బావగారూ. ఆమె వాళ్ల మనిషే అయితే అప్పుడే అప్పగించేసేది."

"అప్పగిస్తే మనకి తెలిసిపోదూ? దాచింది కాబట్టే నాకు అనుమానం."

అనుమానం పెనుభూతం అంటారు. పెద్దాయన ఆ భూతానికే జీతమిచ్చి పోషిస్తున్న మనిషి. మంచి చేస్తే నటన, చెడు చేస్తే రుజువు. అలాంటి త్రాసులో ఎవరిని తూచినా ఒకే వైపు మొగ్గుతారు.

పెద్దాయన పథకం చెప్పాడు. బీచ్ ఏదో ఒక్క నెమలికే చెప్పాలి. ఆమెనీ అదే హోటల్లో దిగమనాలి. ఏ గది తీసుకోవాలో మాత్రం చెప్పకూడదు, ఆమె ఇష్టం. మాస్టారి శిష్యురాలు ఏ గది తీసుకుంటుందో మనకి తెలుసు. ఆమె నిర్దోషి అయితే ఎవరూ రారు, హాయిగా నిద్రపోయి లేస్తుంది. సమాచారం అమ్మిందంటే హంతకులు వస్తారు. వచ్చి ఆమె తలుపే కొడతారు. వాళ్లు ఆమె ముఖం ఎరగరు, ఆమె వాళ్లని ఎరగదు. సిండికేట్ కూడా మనలాగే ఎడమ చేతికి తెలియకుండా కుడి చేత్తో పని చేయిస్తుంది.

"ముల్లుని ముల్లుతోనే తియ్యాలి బావా. బుల్లెట్ ఖర్చు కూడా వాళ్లదే."

పెద్దాయన లేచి అల్లుడి భుజం తట్టాడు. ఆదివారం భోజనానికి వచ్చేయమని, చెల్లెలితో కూడా చెప్పానని అన్నాడు.

* * *

దీవి రేవులో దిగేసరికి ఎండ చిటపటలాడుతోంది. తెరిచిన జీపులో నల్ల కళ్లద్దాలు, పెద్ద టోపీ, ఎర్ర స్కార్ఫ్. రేవులో మగవాళ్లంతా ఆ స్కార్ఫ్ వైపే చూస్తున్నారు. గూఢచారి ఎవరి కంటా పడకూడదన్న సూత్రాన్ని ఆమె ఎప్పుడూ లక్ష్యపెట్టలేదు. అందరూ చూసేదాన్ని ఎవరూ అనుమానించరని ఆమె వాదన.

అల్లుడు జీపు దగ్గరకి వెళ్లి కోడ్ మాట అన్నాడు. "ఇక్కడ సముద్రం ఉప్పగా ఉంటుందా?"

"మీరు తెచ్చుకున్న పంచదారని బట్టి ఉంటుంది," అంది నెమలి. తర్వాత కళ్లద్దాలు తీసింది. కళ్లు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి. "ఎక్కవోయ్ అల్లుడూ. అత్తారింటి వాళ్లు బావున్నారా?"

ఒక పత్రికకి సెలవుల గురించి రాసే రచయిత్రిగా ఆమె దీవిలో ఉంటోంది. ఎవరు ఏ బీచ్‌లో దిగితే బావుంటుందో సలహాలిస్తుంది. నాలుగు వైపులా తిప్పి చూపించింది. ప్రతి బీచ్ గురించీ ముందు పత్రికలో రాసే ముక్క, తర్వాత అసలు ముక్క చెప్పింది. ఉత్తరం కుర్రకారుకి, ఆటపాటలకి. తుపాకీ పేలినా ఎవరూ తల తిప్పరు, అది మనం చూశాం. పడమర కొత్త జంటలకి, సూర్యాస్తమయానికి. సాయంత్రం అందరూ ఒకే దిక్కు చూస్తూ నిలబడతారు, వెనక ఎవడి గొంతు తెగినా చూడరు. దక్షిణం ఏకాంతం కోరేవాళ్లకి. ఎత్తైన రాళ్లు, పెద్ద అలలు, లోపలికి తోసేసిన మనిషి తేలడానికి వారం పడుతుంది.

తూర్పు బీచ్‌కి ఆమె తన పత్రికలో ఎప్పుడూ తక్కువ మార్కులే వేసేది. సముద్రంలో కొంత దూరాన పగడపు దిబ్బ అడ్డంగా ఉండి అలల్ని అక్కడే విరిచేస్తుంది. ఇవతల నీళ్లు చెరువులా నిలకడగా ఉంటాయి. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు దిగే చోటు. ఏమీ జరగదు.

సీ ప్లేన్ దిగాలంటే అలాంటి నీళ్లే కావాలి. అల్లుడు ఆ సంగతి నెమలికి చెప్పాడు. ఎల్లుండి పొద్దున అని కూడా చెప్పాడు. తూర్పు బీచ్‌లో ఒకటే హోటలుంది. అక్కడే ప్రొఫెసర్‌ని ఉంచుతానన్నాడు. ఏ వేషంలో, ఏ గదిలో అన్నది మాత్రం అడగొద్దన్నాడు.

"అడగను. తెలియనిది ఎవరు కొట్టినా చెప్పలేను కదా, అదే నయం," అంది.

ఆ మాట అల్లుడికి గుచ్చుకుంది. నేరం చేసిన మనిషి గుచ్చి గుచ్చి అడగాలి. లేదా, తెలివైనదైతే అడగకూడదు. పెద్దాయన త్రాసు అతని బుర్రలో కూడా ఊగడం మొదలుపెట్టింది.

దారిలో ఆమె మాస్టారి గురించి చెప్పింది. శవాన్ని గుర్తుపట్టడానికి పిలిస్తే దూరపు చుట్టాన్నని చెప్పి తనే వెళ్లిందట. ముఖం కడిగి, బట్టలు మార్చిందట. అయినవాళ్లు చేసే పనులన్నీ తనే చేసిందట.

"కళ్లు మూద్దామని చెయ్యి పెట్టాను. ఒకటే ఉంది," అంది. మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుంది.

* * *

ఆమె ప్రొఫెసర్‌ని ఒక పళ్ల డాక్టరు క్లినిక్‌లో, పాత కుర్చీలు పడేసిన గదిలో దాచింది. మర్నాడు పొద్దున అల్లుడు ఒంటరిగా వెళ్లి అతన్ని తీసుకున్నాడు. మీసం గీయించి, తెల్ల విగ్గు పెట్టి, పొడుగు గౌను తొడిగి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాడు. అత్తగారిని గాలి మార్పుకి తీసుకొచ్చిన అల్లుడన్నమాట. కుర్చీ వీపు వెనక ఉక్కు పలక, కుడి చెయ్యి ఆనించుకునే గొట్టంలో ఒకే ఒక్క తూటా. అల్లుడి జేబులో సన్‌స్క్రీన్ ట్యూబు. దాన్ని ఒంటికి రాసుకున్నవాడు మాత్రం మళ్లీ ఎండలోకి రాలేడు.

ప్రొఫెసర్‌కి ఏదీ నచ్చలేదు. గౌను బిగుతన్నాడు. విగ్గు దురదన్నాడు. తన కూతురికి ఈ వేషం చూపిస్తే పడీ పడీ నవ్వుతుందన్నాడు. ఆ విషం వల్ల ఎంతమంది పోతారని అల్లుడు అడిగితే మాత్రం చిరాకంతా పోయి, క్లాసులో పాఠం చెప్పేవాడిలా ఉత్సాహం తెచ్చుకున్నాడు. ఎండాకాలం కదా, నీళ్లు ఎక్కువ తాగుతారు, అంకె బావుంటుందన్నాడు. అల్లుడికి అక్కడే అతని పీక పిసకాలనిపించింది. ఏం చేస్తాడు? ఊరి ప్రాణం ఆ పీకలోనే ఉంది.

తూర్పు బీచ్ హోటల్లో అల్లుడు మాస్టారి పాఠాన్ని తిరగేశాడు. సముద్రానికి ఎదురుగా, నేల మీదే ఉన్న కాటేజీ తీసుకున్నాడు. వరండా దిగితే ఇసక, ఇసక దాటితే నీళ్లు. దీవికి వచ్చే ప్రతివాడూ కలలు కనే గది. ఇటు వైపు ఏజెంటు ఉంటాడని కలలో కూడా ఎవడూ అనుకోడు.

అత్తగారిని వరండాలో నీడకి చేర్చి, పక్క కాటేజీలోని కొత్త పెళ్లికూతురు పలకరిస్తే వినబడనట్టు తల ఊపమని చెప్పి, అల్లుడు పెద్ద బిల్డింగు లాబీలోకి వెళ్లాడు. పిక్చర్ పోస్ట్‌కార్డుల స్టాండు వెనక నిలబడ్డాడు. నెమలి గది తీసుకునే సమయమైంది.

ఆమె వచ్చింది. క్లర్కు ఆమె పత్రికలో రాస్తుందని గుర్తుపట్టి పొంగిపోయాడు. పై అంతస్తులో సముద్రం వైపు, బాల్కనీ ఉన్న గది ఉందన్నాడు. అదనంగా ఏమీ ఇవ్వక్కర్లేదన్నాడు. నాలుగు మంచి ముక్కలు రాస్తే అదే చాలన్నాడు.

నెమలి తాళం చేతిలోకి తీసుకుంది. ఒక్క క్షణం ఆగింది. తీసుకోవే, తీసుకో అనుకున్నాడు అల్లుడు. బాల్కనీలో కూర్చుని కాఫీ తాగు. దోషివో కాదో తర్వాత తేల్చుకుందాం. నీ చావు చూసే పని నాకు తప్పించు.

ఆమె తాళం తిరిగి ఇచ్చేసింది.

"సముద్రం రోజూ చూసేదే. వెనక వైపు, మొదటి అంతస్తులో మెట్ల పక్కన ఏమైనా ఉందా?"

క్లర్కు మొహం మాడిపోయింది. అక్కడ వంటింటి వాసన వస్తుందన్నాడు. ఫర్వాలేదంది. మా మాస్టారికి అలాంటి గదులే ఇష్టమని చెప్పింది. మెట్లెక్కుతూ స్కార్ఫ్ కొసతో కళ్లు తుడుచుకుంది.

అల్లుడు కాటేజీకి తిరిగి వచ్చేసరికి అత్తగారు వరండాలోనే, ఒళ్లో చేతులు పెట్టుకుని బుద్ధిమంతురాలిలా కూర్చుని ఉంది. పక్కింటి పెళ్లికూతురు చెయ్యి ఊపింది. చాలా మంచి పిల్లని ప్రొఫెసర్ మెచ్చుకున్నాడు.

* * *

మర్నాడు పొద్దున పిల్లలు అప్పుడే ఇసకలో ఇళ్లు కట్టడం మొదలుపెట్టారు. పగడపు దిబ్బ అవతల చిన్న చుక్క కనిపించింది. చుక్క పెద్దదై సీ ప్లేన్ అయింది. అల్లుడు కుర్చీని వరండా దించి ఇసకలోకి తోశాడు. చెవిలో వినికిడి మిషన్ ఆకారంలో ఉన్న రేడియో. దాని జోడీ నెమలి చెవిలో ఉంది. రాత్రంతా ఎవరూ రాలేదు. బతికిపోయింది అనుకుని అతను సంతోషించాడు. నిజంగానే సంతోషించాడు.

విమానం నీళ్లని తాకింది. చెవిలో నెమలి గొంతు వినిపించింది.

"ఎవరో తలుపు కొడుతున్నారు. తువ్వాళ్లట. నువ్వేమైనా పంపావా?"

అల్లుడి కాళ్లు ఆగిపోయాయి. వచ్చేశారు. ఆమే చెప్పిందన్నమాట. కానీ, ఆమే చెప్పినదైతే ఈ ప్రశ్న ఎందుకు అడుగుతుంది? ఈ ఆలోచన మెరుపులా వచ్చింది. దాని వెనకే పెద్దాయన గొంతు కూడా వచ్చింది: అంతా నటన బావా.

విమానం ఒడ్డుకి రావడానికి ఇంకా కొంచెం టైం కావాలి. 'తియ్యకు' అంటే ఆమె కిటికీలోంచి దూకేస్తుంది. హంతకులు మోసం కనిపెట్టి నిమిషంలో బీచ్ మీదికి వస్తారు. ప్రొఫెసర్ పోతే రాజధాని పోతుంది. ఇదంతా ఆలోచించాడు కాబట్టే చెప్పాడని తర్వాత తనకి తాను చాలాసార్లు నచ్చజెప్పుకున్నాడు.

"ఆ, నేనే పంపాను. తియ్యి," అన్నాడు.

"ఉండు, ఎందుకైనా మంచిది, ముందు చూస్తాను," అంది నెమలి. మాస్టారి శిష్యురాలు కదా. అడుగుల చప్పుడు వినిపించింది. తర్వాత చెవి పగిలిపోయేంత మోత. ఆ తర్వాత రేడియోలో గాలి తప్ప ఏమీ లేదు.

అల్లుడు ఆ మిషన్ని పీకి నీళ్లలోకి విసిరేసి కుర్చీ తోశాడు. తడి ఇసకలో చక్రాలు దిగబడుతున్నాయి. ప్రొఫెసర్ నెమ్మదిగా తోయమని గొణుగుతున్నాడు. సగం దూరం వెళ్లేసరికి పెద్ద బిల్డింగులోంచి తెల్ల యూనిఫాం వేసుకున్నవాళ్లు ఇద్దరు బయటికొచ్చారు. చేతుల మీద తువ్వాళ్లున్నాయి. గదిలో ఒక ఆడమనిషి తప్ప ఎవరూ లేరని వాళ్లకి తెలిసిపోయింది. సీ ప్లేన్ వైపు పరుగెత్తుతున్న చక్రాల కుర్చీని చూడగానే మిగతాది కూడా తెలిసిపోయింది.

మొదటి తూటా కుర్చీ వీపు పలకకి తగిలి ఠంగుమంది. రెండోది అల్లుడి చెవి పక్కనుంచి పోయింది. అతను కుర్చీని గిర్రున తిప్పి గొట్టం కింద మీట నొక్కాడు. ముందున్నవాడు తువ్వాలు కింద పడెయ్యకుండానే కూలాడు. రెండోవాడు నీళ్లలోకి దిగి అడ్డం వచ్చాడు. పిస్టల్ ఎత్తాడు. అల్లుడు ట్యూబు నొక్కాడు. వాడు రెండు చేతులతో ముఖం పట్టుకుని బోర్లా పడ్డాడు. అక్కడ నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. అల్లుడు వాడి మెడ మీద కాలు వేసి, ఇక కదలడం లేదని నమ్మకం కుదిరేదాకా నిలబడ్డాడు. అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువసేపే నిలబడ్డాడు. ఒడ్డున ఒక తల్లి పిల్ల కళ్లు మూసింది.

పైలట్ ప్రొఫెసర్‌ని పైకి లాగాడు. విమానం నీళ్లని వదిలింది.

బెల్టు పెట్టుకున్నాకే ప్రొఫెసర్ నోరు విప్పాడు. కొండ మీది పాత రిజర్వాయరట. అడుగు వాల్వుకి బిగించారట. వాల్వు ముందు మూసి, తర్వాతే సిలిండర్ ఊడదియ్యాలట. పైలట్ రేడియోలో ఆ మాటలే తిరిగి చెప్పాడు. తర్వాత అందరూ ఇంజిన్ హోరు వింటూ కూర్చున్నారు. చాలాసేపటికి కబురొచ్చింది. వాల్వు మూసి, సిలిండర్ ఊడదీసి బయటికి తెచ్చి పెట్టాక, టెక్నీషియన్ చెమట తుడుచుకునేలోపే టైమర్ టిక్కుమందట. సిలిండర్ మూత తెరుచుకుని, విషం ఖాళీ ఇనప డ్రమ్ములో పడిందట.

రాజధాని ఆ మధ్యాహ్నం మామూలుగా నీళ్లు తాగింది.

ప్రొఫెసర్ విగ్గు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కిటికీలోంచి కింద సముద్రాన్ని చూస్తూ, తూర్పు బీచ్ ఎంత అందమైన చోటో అని మురిసిపోయాడు. వచ్చే సెలవుల్లో తప్పకుండా అక్కడే దిగమని కూతురికి చెప్పేశానన్నాడు.

"ఎప్పుడు చెప్పారు?" అని అడిగాడు అల్లుడు.

"నిన్న. మీరు లాబీలోకి వెళ్లారు కదా, అప్పుడు. పక్క కాటేజీ అమ్మాయి ఫోనిచ్చింది. పాపం ముసలావిడ కూతురితో మాట్లాడుకుంటుందని."

"మీ అమ్మాయి ఫోన్ సిండికేట్ వింటుందని మీకు చెప్పాం."

"బీచ్ పేరొక్కటే చెప్పానండీ. గది చెప్పలేదు. ఆమాత్రం తెలియదా నాకు?"

ఉత్తర బీచ్‌లో ఉన్నప్పుడు కూడా కూతురితో మాట్లాడారా అని అల్లుడు అడిగాడు.

"ముందు రోజు గడ్డం గీయించుకోవడానికి వెళ్తే సెలూన్ వాడు ఫోనిచ్చాడు. 'నాన్నా, ఎక్కడ దిగావు' అని కన్నకూతురు అడిగితే చెప్పకుండా ఎలా ఉంటానండీ?"

ఆ బీచ్ సంగతి తెలిసినవాళ్లు ముగ్గురని పెద్దాయన లెక్క తేల్చాడు. అల్లుడూ ఒప్పుకున్నాడు. ప్రొఫెసర్‌ని ఇద్దరూ సామాను లెక్కలో వేశారు గానీ మనుషుల లెక్కలో వెయ్యలేదు. సామానుకి నోరుంటుందని ఎవరికీ తట్టలేదు. నెమలి ఎవరికీ ఏమీ చెప్పలేదు. అడగొద్దంటే అడగలేదు. తలుపు తియ్యమంటే తియ్యడానికి వెళ్లింది.

అల్లుడి చెయ్యి విమానం తలుపు గడియ మీదికి పోయింది. ఊరి ప్రాణం ఇప్పుడా పీకలో లేదు. తోసేస్తే అడిగేవాడు లేడు. పైలట్ కూడా విని ఉంటాడు, వెనక్కి తిరక్కుండా మేఘాలే చూస్తున్నాడు. కానీ తలుపు తియ్యమన్నది ప్రొఫెసర్ కాదు. ఆ మాట అన్న నోరు తనది. అల్లుడు చెయ్యి వెనక్కి తీసుకుని ముఖం కప్పుకున్నాడు. తాగడానికి చల్లగా ఏమైనా ఉందా అని ప్రొఫెసర్ అడిగాడు.

* * *

పరుపుల షోరూమ్ వెనక గదిలో అల్లుడు జరిగింది జరిగినట్టు చెప్పాడు. తను రేడియోలో అన్న మాట కూడా దాచలేదు. పెద్దాయన ఓపిగ్గా విన్నాడు. లేచి తలుపు మూసి వచ్చాడు.

"ఈ ముక్క ఈ గది దాటకూడదు బావా. ద్రోహి చచ్చిందంటే మనకి మెడల్ వస్తుంది. ఏజెంట్ చచ్చిందంటే ఎంక్వైరీ వస్తుంది."

కుక్కని చంపాలంటే పిచ్చిదనాలి. ఇక్కడ చంపేశాక అన్నారు, అంతే తేడా. నెమలి పేరు ద్రోహుల జాబితాకెక్కింది. శవాన్ని దీవిలోనే, దిక్కులేనివాళ్లని పాతిపెట్టే చోట పాతిపెట్టారు. ముఖం కడగడానికి దూరపు చుట్టాన్నని చెప్పుకునే మనిషి కూడా ఈసారి ఎవరూ వెళ్లలేదు. ప్రొఫెసర్‌కి ప్రభుత్వం కొత్త ల్యాబ్ ఇచ్చింది. అందులో ఏం తయారు చేస్తున్నాడో అడిగే హోదా అల్లుడికి లేదు.

పెద్దాయన మాత్రం పాఠం నేర్చుకున్నాడు. ఇకమీదట ఏజెంట్లందరూ విధిగా సముద్రానికి ఎదురుగా ఉన్న గదులే తీసుకోవాలని సర్క్యులర్ జారీ చేశాడు. అల్లుడి చేత కూడా సంతకం పెట్టించుకుని, మెడల్ చేతిలో పెట్టి, ఆప్యాయంగా దగ్గరకి తీసుకున్నాడు.

"పది రోజులు సెలవు తీసుకో బావా. మా చెల్లెలు ఎప్పట్నుంచో ఏదైనా దీవికి తీసుకెళ్లమంటోందిట కదా. ఇంతకీ ఏ బీచ్‌లో దిగుతారు?"

'బావా' అన్న పిలుపు విని అల్లుడు అలవాటుగా తలుపు వైపు చూశాడు.

"అది మీకు మాత్రం చెప్పను బావగారూ," అన్నాడు.